నునుపు గాజు మీద వేలికి దారి చూపండి: పరికరాలు రూపొందించేవారికి బహిరంగ లేఖ

ఇళ్లలో, వాహనాల్లో, ఆసుపత్రుల్లో వాడే పరికరాలు తయారుచేసే సంస్థల డిజైన్ విభాగాల పెద్దలకు,

నమస్కారం.

కొన్నేళ్లుగా మీ కొత్త మోడళ్లు ఏవి చూసినా ఒకటే పోలిక. స్టవ్ మీద నాబ్ పోయింది, వాషింగ్ మెషీన్ మీద బటన్ పోయింది, కారు డ్యాష్‌బోర్డు మీద మీటలు పోయాయి. అన్నిటి చోటా ఒక నల్లని గాజు పలక వచ్చి కూర్చుంది. ఎందుకు చేశారో మాకు తెలుసు. గాజును తుడవడం తేలిక. కదిలే భాగం లేదు కాబట్టి అరుగుదల ఉండదు, సందుల్లో మురికి చేరదు. ఒకే పలకను పది మోడళ్లకు వాడుకోవచ్చు, కొత్త సదుపాయం చేర్చాలంటే సాఫ్ట్‌వేర్ మారిస్తే సరిపోతుంది. ఇవన్నీ నిజమైన లాభాలే. అయితే అలా మిగిల్చిన ఖర్చంతా వాడేవాళ్ల కళ్ల మీదా వేళ్ల మీదా పడుతోంది. ఆ పద్దు మీ లెక్కల్లో కనబడటం లేదు.

మేము అడిగేది ఒక్కటే. తరచూ వాడే మీటైనా, ఆపదలో వాడాల్సిన మీటైనా చూడకుండానే చేతికి దొరకాలి. అది పనిచేసిందో లేదో కూడా చేతికే తెలియాలి. టచ్ పలకలు మొత్తం తీసేయమని మేము అనడం లేదు. నెలకోసారి మార్చుకునే సెట్టింగులు ఎన్ని ఉన్నా పలక మీదే ఉండనివ్వండి. ఆపడం, పెంచడం, తగ్గించడం అనే మూడు పనులను మాత్రం చేతికి తిరిగి అప్పగించండి.

చేతికి ఎందుకంటే, శరీరంలో వేలికొస అంత నేర్పరి భాగం చాలా అరుదు. రెండు సూదిమొనలను ఒకదానికొకటి 2 మిల్లీమీటర్ల దూరంలో ఆనిస్తే, అవి రెండని వేలికొస పసిగడుతుంది. వీపు మీద అదే తేడా తెలియాలంటే వాటి మధ్య దాదాపు 40 మిల్లీమీటర్ల ఎడం కావాలి. కీబోర్డులో ఎఫ్, జె అక్షరాల మీద ఉండే చిన్న గీతను, ఫోన్ అంకెల్లో 5 మీద ఉండే చుక్కను గుర్తు చేసుకోండి. అర మిల్లీమీటరు కూడా లేని ఆ ఉబ్బు ఆధారంగా వేళ్లు పలక మొత్తాన్నీ తడుముకుని తమ చోట్లలో కుదురుకుంటాయి, కళ్లు పని మీదే ఉంటాయి. నునుపు గాజు మీద ఈ నేర్పంతా వృథా. అక్కడ వేలు ఎంత తడిమినా దారి దొరకదు. పైగా తడమడమే నొక్కడమైపోతుంది! మామూలు బటన్ మీద వేలు ఆనించి, సరైనదేనని తేల్చుకుని, ఆ తర్వాత నొక్కుతాం. తాకగానే పనిచేసే పలక మీద ఆ మధ్య అడుగే లేదు. తప్పులు ఎక్కువగా పుట్టేది సరిగ్గా ఆ లోటులోనే.

ఒక మంచి బటన్ నొక్కినప్పుడు ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. వేలు దిగుతున్నకొద్దీ ఎదురుబలం పెరుగుతుంది. ఒక చోట అడుగున ఉన్న గోపురం లాంటి రేకో రబ్బరో ఒక్కసారిగా కుంగుతుంది, బలం పడిపోతుంది. ఆ పడిపోవడమే మనకు క్లిక్‌గా తెలుస్తుంది. కీబోర్డు మీటలు మొత్తం దిగే లోతు 2 నుంచి 4 మిల్లీమీటర్లు, బలం 0.5 నుంచి 0.8 న్యూటన్లు ఉంటే హాయిగా ఉంటుందని చాలాకాలంగా తెలిసిన సంగతే. అంటే వేలి మీద 50 నుంచి 80 గ్రాముల బరువు. బలం మరీ తక్కువైతే వేలు ఆనగానే దిగిపోతుంది, మరీ ఎక్కువైతే రోజంతా వాడేవారి వేళ్లు నొప్పులు పుడతాయి. స్విచ్ అసలు కలుసుకునే చోటు, క్లిక్ తెలిసే చోటు ఒకటే కావాలి. క్లిక్ ముందే వచ్చి స్విచ్ తర్వాత కలుసుకుంటే, నొక్కాననుకుని వదిలేస్తారు, పని జరగదు. చవక బటన్లలో మేము తరచూ చూసే లోపం ఇది.

ఇప్పుడు టచ్ పలక మీద ఆన్, ఆఫ్ రెండింటికీ ఒకే గుర్తు ఉందనుకుందాం. తాకారు. పలక స్పందన సెకనులో పదో వంతు లోపల వస్తే అది తమ చేతలాగే అనిపిస్తుంది. అర సెకను దాటితే తాకింది అందలేదేమోనని మళ్లీ తాకుతారు. మొదటి తాకిడికి ఆగిన పరికరం రెండో తాకిడికి మళ్లీ మొదలవుతుంది. వాడేవారు ఆపేశామనుకుని వెళ్లిపోతారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. ఎదురు నుంచి జవాబు రాకపోతే మనిషి మళ్లీ ప్రయత్నిస్తాడు, అది సహజం. తెర మీద ఏం చూపించాలో లెక్కవేసుకోవడానికి మీ ప్రాసెసర్‌కు ఒక సెకను పట్టినా పట్టనివ్వండి, 'అందింది' అన్న జవాబు మాత్రం ముందే వెళ్లాలి. గాజు పలకకు కంపనం జోడించదలిస్తే 200 నుంచి 300 హెర్ట్జ్ మధ్య ఉంచండి, చర్మంలో కంపనాలను పట్టే కణాలు ఎక్కువ చురుగ్గా ఉండేది ఆ పరిధిలోనే. కంపనం పొట్టిగా, తెగినట్టు ఆగాలి. సాగిపోయే కంపనం ఫోన్ మోగినట్టుంటుంది తప్ప బటన్ నొక్కినట్టుండదు.

నీటి సంగతి వేరే చెప్పాలి. ఈ పలకల్లో చాలావరకు వేలు దగ్గరికి రాగానే మారే విద్యుత్ కెపాసిటెన్స్‌ను, అంటే విద్యుదావేశాన్ని నిలుపుకునే సామర్థ్యాన్ని కొలుస్తాయి. నీటి పొర కూడా వేలు లాగే ఆ విలువను మారుస్తుంది. పొంగిన గిన్నెలోంచి నీళ్లు పలక మీదికి జారితే పరికరం తనంతట తాను వేడి మార్చుకోవచ్చు, లేదా లాక్ అయి కూతపెట్టవచ్చు. అంటే వాడేవారికి ఆపడం అత్యవసరమైన ఘడియలోనే ఆపే గుర్తు పనిచేయదు. చేతి తొడుగులు వేసుకుంటే ఉన్న స్పందన కూడా పోతుంది. తడి చేతులతో, జిడ్డు చేతులతో వాడతారని ముందే తెలిసిన చోట ఆపే మీటను కెపాసిటివ్ పలక మీద పెట్టడం మా దృష్టిలో డిజైన్ లోపమే. తుడవడానికి అడ్డమనే అభ్యంతరానికి జవాబులున్నాయి. అయస్కాంతంతో గాజు మీద నిలిచి, కావాలంటే చేత్తో తీసి తుడుచుకునే నాబులు ఇప్పటికే ఉన్నాయి. అదీ కుదరకపోతే గాజులోనే వేలు పట్టేంత గుంట చెక్కించండి, గుంట అంచు చుట్టూ చిన్న గట్టు ఉంచండి. టచ్ గుర్తులు తప్పనిసరైతే ఒక్కొక్కటి 9, 10 మిల్లీమీటర్ల వెడల్పుకు తగ్గకుండా, మధ్య కనీసం 2 మిల్లీమీటర్ల ఖాళీతో ఉండాలి. వేలి మెత్తని భాగం గాజుకు ఆనే వెడల్పే దాదాపు అంత ఉంటుంది మరి.

1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వశాస్త్రవేత్త చూపించిన సూత్రం మీ అందరికీ తెలిసిందే: లక్ష్యం ఎంత చిన్నదైతే, ఎంత దూరమైతే చేతికి అంత సమయం పడుతుంది. మీ డ్రాయింగుల్లో మాత్రం ఆపే బటన్ తరచూ మిగతా గుర్తుల్లో ఒక గుర్తుగా, అదే సైజులో, మూలన ఉంటోంది. ఆపడమన్నది తొందరలో చేసే పని. దాని కొలత పెద్దదిగా, చోటు అంచున, ఆకారం మిగతావాటికి భిన్నంగా ఉండాలి.

ఆకారం విలువ తెలిసింది యుద్ధకాలంలో. రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 బాంబర్ విమానాల్లో చక్రాలను ఎత్తే మీట, ఫ్లాపుల (రెక్కల వెనక అంచున కిందికి దించే పలకల) మీట పక్కపక్కనే ఒకేలా ఉండేవి. నేలకు దిగిన పైలట్లు ఫ్లాపులనుకుని చక్రాలను ఎత్తేసేవారు, విమానం పొట్ట నేలకు కరుచుకునేది. అల్ఫాన్స్ చాపనిస్ అనే మనస్తత్వశాస్త్రవేత్త చక్రాల మీట చివర చిన్న రబ్బరు చక్రాన్ని, ఫ్లాపుల మీటకు చీలిక ఆకారపు ముక్కను తగిలించే ఉపాయం చెప్పాడు. చేతికి పోలిక తెలిసింది, తికమక పోయింది. పైలట్లను ఎంత జాగ్రత్తగా ఉండమన్నా రాని ఫలితం ఒక రబ్బరు ముక్కతో వచ్చింది. విమానాల్లో ఆ పద్ధతి ఈనాటికీ నడుస్తోంది. అదే చాపనిస్ 1959లో లిండెన్‌బామ్ అనే తోటి పరిశోధకుడితో కలిసి నాలుగు బర్నర్ల స్టవ్‌ను పరీక్షించాడు. బర్నర్లను కొంచెం ఎడంగా జరిపి, నాబులున్న వరుసలోనే అవీ కనబడేలా అమర్చిన నమూనాలో ఒక్క తప్పు కూడా రాలేదు. బర్నర్లు చదరంగా, నాబులు వరుసగా ఉన్న నమూనాల్లో తప్పులు వస్తూనే ఉన్నాయి. అరవై ఏళ్లు దాటినా మార్కెట్లో ఉన్నవి ఎక్కువగా రెండో రకమే. ప్రతి నాబు పక్కనా నాలుగు చుక్కల బొమ్మ వేసి సరిపెడుతున్నారు. బొమ్మ చూడాల్సి వచ్చిందంటేనే అమరిక తప్పిందని అర్థం.

తిప్పే దిశ కూడా ఆలోచించాలి. గడియారం ముల్లు దిశలో తిప్పితే పెరుగుతుందని విద్యుత్ పరికరాలు మనకు అలవాటు చేశాయి. కుళాయి, గ్యాస్ కవాటం ఆ దిశలో తిప్పితే మూసుకుంటాయి. ఒకే పరికరంలో గ్యాస్ బర్నర్, విద్యుత్ పొయ్యి రెండూ ఉన్నప్పుడు రెండు అలవాట్లూ ఢీకొంటాయి. అక్కడ రెండు నాబులనూ ఒకే ఆకారంలో చేయకండి. ఒకటి రెక్కలా, ఇంకొకటి గుండ్రంగా ఉంటే చెయ్యి తిప్పకముందే ఏది ఏదో తెలుసుకుంటుంది.

ఇక కళ్లు. స్పష్టంగా చూడగలిగే మేర చాలా చిన్నది, రెండు డిగ్రీల చుట్టుపక్కల. చెయ్యి బారచాపి బొటనవేలు చూస్తే ఆ గోరు వెడల్పు ఎంతో అంత. మిగతా చూపంతా మసకే. అందుకే మెనూలో గుర్తు వెతకాలంటే చూపు రోడ్డు మీద నుంచి పూర్తిగా తెర మీదికి రావాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు 28 మీటర్లు పోతుంది. అద్దం మీద ఆవిరి తీసే గుర్తు కోసం రెండు సెకన్లు తెర చూస్తే 56 మీటర్లు రోడ్డు చూడకుండా నడిపినట్టే. సింగపూర్ జలసంధి దగ్గర 2017లో అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ ఒక ట్యాంకరును ఢీకొని 10 మంది నావికులు చనిపోయారు. టచ్ తెర మీద వేగం నియంత్రణను ఒక చోట నుంచి మరో చోటికి బదిలీ చేయడంలో వచ్చిన గందరగోళం అక్కడి కారణాల్లో ఒకటి. ఆ తర్వాత ఆ నౌకాదళం చేతితో పట్టి జరిపే వేగం మీటలకే తిరిగి వెళ్తామని 2019లో ప్రకటించింది. వాహనాల భద్రతకు రేటింగులిచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్, హజార్డ్ లైట్లు, వైపర్లు, హారన్, అత్యవసర కాల్‌కు విడి మీటలుంటేనే పూర్తి గుర్తింపునిస్తామని చెప్పింది. మీరు నియమం వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

అక్షరాల ఎత్తుకు ఒక సులువైన లెక్కుంది: చూసే దూరాన్ని 170తో భాగిస్తే హాయిగా చదవగల ఎత్తు వస్తుంది. 500 మిల్లీమీటర్ల దూరానికి 3 మిల్లీమీటర్లు, ఒక మీటరుకు 6. నిలబడి కిందికి చూసే వాషింగ్ మెషీన్‌కు చూసే దూరం మీ బల్ల మీది దూరం కాదు, మీటరు దగ్గరే. నలభై దాటిన కళ్లకు దగ్గరి వస్తువు తేటగా కనబడదు. అరవై ఏళ్ల కంటి రెటీనాకు చేరే వెలుతురు ఇరవై ఏళ్ల వయసులో చేరినదానిలో మూడో వంతే. కాబట్టి స్టీలు మీద బూడిదరంగు గుర్తులు, నల్లగాజు మీద సన్నని నీలి గీతలు చిన్న వయసు డిజైనర్ బల్ల మీద అందంగానే ఉంటాయి, వాడే చోట మాత్రం మాయమవుతాయి. గుర్తుకూ దాని వెనక రంగుకూ మధ్య వెలుతురు తేడా కనీసం 4.5కు 1 ఉంచండి. ఒకే లైటు ఎరుపైతే ఆగినట్టు, ఆకుపచ్చైతే నడుస్తున్నట్టు అనే పద్ధతి వదిలేయండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని పురుషులు చాలామంది ఉన్నారు. రెండు వేర్వేరు చోట్ల రెండు లైట్లు పెడితే రంగుతో పనే ఉండదు.

వెలుగు, ధ్వని పెంచే మెట్లను సమాన అంకెలుగా విభజించడం ఇంకో అలవాటైన పొరపాటు. తేడాను మన ఇంద్రియాలు నిష్పత్తుల్లో పట్టుకుంటాయని జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ వెబర్ 1834లోనే చెప్పాడు. దీపాన్ని 10 శాతం నుంచి 20కి పెంచితే గది వెలిగిపోయినట్టుంటుంది, 80 నుంచి 90కి పెంచితే ఎవరికీ తెలియదు. ప్రతి మెట్టూ దాని ముందు మెట్టు మీద ఒకే నిష్పత్తిలో పెరగాలి.

బీప్‌ల గురించి. మీరు వాడే చవక బజర్లు ఎక్కువగా 3, 4 కిలోహెర్ట్జ్ దగ్గర మోగుతాయి, ఎందుకంటే అంత చిన్న బిళ్ల ఆ చోటే గట్టిగా పలుకుతుంది. వయసుతో చెవి ముందుగా కోల్పోయేవి సన్నని స్వరాలే. నిద్రలో ఉన్నవారిని లేపడానికి 520 హెర్ట్జ్ చతురస్ర తరంగం (మందంగా, గరగరమని మోగే స్వరం) ఆ కీచుమనే స్వరం కన్నా మెరుగని పొగ హెచ్చరికల మీద జరిగిన పరీక్షల్లో తేలింది. ఎక్కువ విలువైన హెచ్చరికకైనా కాస్త పెద్ద స్పీకరు పెట్టండి. పని పూర్తయిందనే కబురుకూ, తలుపు మూయలేదనే కబురుకూ, ప్రమాదానికీ ఒకటే బీప్ వాడకండి. అన్నిటికీ అరిచేదాన్ని ఎవరూ వినరు.

ఇక్కడి నుంచి శరీరాన్ని దాటి స్వభావంలోకి వస్తాం. మనిషి అలవాటు పడతాడు. 1985 నుంచి 1987 వరకు థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం కనీసం ఆరుగురికి అతిమోతాదు ఇచ్చింది, కొందరు చనిపోయారు. మూల లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉంది. కానీ ఆ యంత్రం రోజూ 'మాల్‌ఫంక్షన్' (లోపం) అని ఒక అంకె మాత్రం చూపుతూ ఆగిపోయేది, ఒక్క మీట నొక్కితే మళ్లీ నడిచేది. నడిపేవారు ఆ మీట నొక్కడానికి అలవాటుపడిపోయారు. నిజమైన ప్రమాదం వచ్చిన రోజున కూడా తెర మీద కనబడింది అలాంటి అంకే. అర్థంకాని హెచ్చరికలు ఎక్కువైతే వాటిని దాటేయడమే నైపుణ్యం అవుతుంది. 'ఇది ఖాయమేనా?' అని ప్రతిసారీ అడిగే పెట్టె కూడా అంతే. పదోసారికి ఆ ప్రశ్న చదవకుండానే వేలు సరే అంటుంది. అడగడం కన్నా, చేసిన పనిని వెనక్కి తీసుకునే వీలివ్వడం ఎంతో మెరుగు.

మనిషి లైటు చెప్పేదాన్ని నమ్ముతాడు కూడా. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక కవాటం తెరుచుకుని ఇరుక్కుపోయింది. ప్యానెల్ మీది లైటు కవాటం మూసుకున్నట్టు చూపింది. నిజానికి ఆ లైటు చెప్పింది మూసుకోమని ఆజ్ఞ వెళ్లిందని మాత్రమే, కవాటం స్థితిని అది కొలవలేదు. రెండు గంటలకు పైగా శీతల జలం పోతూనే ఉంది. మీ పరికరంలో ప్రతి లైటు పక్కన ఒక ప్రశ్న రాసుకోండి: ఇది ఆజ్ఞను చూపుతోందా, స్థితిని చూపుతోందా? తలుపు లాక్ అయిందనే లైటు గొళ్లెం దిగిన చోట ఉన్న స్విచ్ నుంచి రావాలి, మోటారుకు వెళ్లిన తీగ నుంచి కాదు.

అసలు పని ముగియగానే మనసు అక్కడి నుంచి జారిపోవడం మరో స్వభావం. నగదు యంత్రం డబ్బు ముందిస్తే కార్డు మరిచిపోతారు. కార్డు తీసుకుంటేనే డబ్బు వచ్చేలా చేస్తే మరుపుకు తావే లేదు. మత్తుమందు యంత్రాల్లో వాయు సిలిండరు కూర్చునే చోట ఉండే రెండు పిన్నుల అమరిక, సిలిండరు మీద వాటికి తగిన రంధ్రాల అమరిక ఒక్కో వాయువుకు ఒక్కోలా ఉంటాయి. ఆక్సిజన్ చోట నైట్రస్ ఆక్సైడ్ సిలిండరు అసలు కూర్చోదు. 'గమనించి తగిలించండి' అని స్టిక్కరు అంటించడం కన్నా ఈ రెండు పిన్నులు లక్ష రెట్లు నమ్మకమైనవి. స్టిక్కరు అంటించాల్సి వచ్చిన ప్రతి చోటా డిజైన్ ఇంకా పూర్తికాలేదనే మేము అనుకుంటాం.

సగటు మనిషికి కొలత తీయకండి. 1950లో అమెరికా వైమానిక దళం 4,063 మంది పైలట్లను కొలిచింది. ఆ దళంలో పరిశోధకుడైన గిల్బర్ట్ డేనియల్స్ వాటిలో పది కొలతలు ఎంచుకుని, పదింటిలోనూ సగటు దరిదాపుల్లో ఉన్నవారి కోసం వెతికితే ఒక్కరూ దొరకలేదు. చెయ్యి అందాల్సిన దూరాన్ని పొట్టివారిని బట్టి, చెయ్యి దూరాల్సిన ఖాళీని పెద్ద చేతులవారిని బట్టి, నొక్కాల్సిన బలాన్ని బలం తక్కువవారిని బట్టి నిర్ణయించండి. గట్టిగా పట్టుకునే పిడి 30 నుంచి 40 మిల్లీమీటర్ల మందం, కనీసం 100 మిల్లీమీటర్ల పొడవు ఉండాలి. పొడవు తగ్గితే పిడి చివర అరచేతి మధ్యలో గుచ్చుకుంటుంది. మణికట్టు వంచాల్సి వస్తే పిడిని వంచండి, మణికట్టును కాదు. చేత్తో చాలాసేపు పట్టుకునే భాగం పది నిమిషాల వాడకానికి 48 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు.

పరీక్షల విషయం. మీ సంస్థలో పనిచేసేవారితో పరీక్షించకండి, వాళ్లకు గుర్తులన్నీ కంఠతా వచ్చు. బయటివారు ఎనిమిది పది మంది చాలు, వారిలో సగం మంది అరవై దాటినవారు, ఒకరిద్దరు ఎడమచేతివాటంవారు ఉండాలి. వాడే విధానం చెప్పే పుస్తకం ఇవ్వకండి, సాయం చేయకండి. చదివే కళ్లద్దాలు తీయించి, తడి చేత్తో, సగం వెలుతురులో చేయించండి. మధ్యలో హఠాత్తుగా 'ఆపండి' అనండి, చెయ్యి ఆపే మీటను చేరడానికి పట్టిన సమయం రాసుకోండి. ఆ తర్వాత పలక మీద గుడ్డ కప్పి అదే పని మళ్లీ చేయించండి. తప్పులే కాదు, చెయ్యి గాలిలో తచ్చాడిన ప్రతి చోటునూ గుర్తుపెట్టండి. తప్పు చేయబోయి ఆగిన చోటు అది. ఎలా ఉందని చివర్లో అడిగితే చాలామంది బాగుందనే అంటారు, మర్యాద కోసం. వారి మాట కన్నా చెయ్యి చెప్పింది నమ్మండి.

ఇప్పటికే అమ్ముడై ఇళ్లలో ఉన్న పరికరాల మాటేమిటని మీరు అడగవచ్చు. నాబు పెట్టలేరు, నిజమే. కానీ సాఫ్ట్‌వేర్ మార్చగలిగిన ప్రతి మోడల్‌లో మూడు పనులు ఈ ఏడే చేయవచ్చు. ఆపడానికి ఒక్క తాకిడి చాలనివ్వండి, మొదలుపెట్టడానికి మాత్రం ఒక సెకను వేలు ఆనించి ఉంచాలనండి. అప్పుడు కంగారులో రెండుసార్లు తాకినా పరికరం ఆగే ఉంటుంది. పలక మీద నీరు పడినట్టు తెలియగానే లాక్ చేసి కూతపెట్టడంతో సరిపెట్టకుండా, ముందు వేడినీ మోటారునూ ఆపండి. స్పందన కోసం వచ్చే బీప్‌ను తెర లెక్కలకు ముందుకు జరపండి. ఈ మూడింటికీ కొత్త అచ్చులు అక్కర్లేదు, కొత్త విడిభాగం ఒక్కటీ అక్కర్లేదు. ఏ మోడళ్లకు ఎప్పటిలోగా చేస్తారో మీ వినియోగదారులకు బహిరంగంగా చెప్పాలని కోరుతున్నాం.

ఇట్లు,
ఎర్గోనామిక్స్ (పరికరాలను మనిషికి తగినట్టు మలిచే శాస్త్రం), ఉత్పత్తి రూపకల్పన రంగాల్లో పనిచేస్తున్నవారం